నెలలు నిండని బిడ్డ, తల్లిపాలు, మెదడు: తేలిందెంత, తేలాల్సిందెంత

1,300 గ్రాముల బరువుతో బిడ్డ పుట్టిందంటే నెల్లూరు వైపు కోట మండలంలో ఆ ఇంటికి నాలుగు దిక్కుల నుంచి నాలుగు మాటలు వస్తాయి. తల్లిపాలు తాగిన బిడ్డకే తెలివి అంటుంది ఆసుపత్రి గోడ మీది పోస్టరు. ఉత్త తల్లిపాలు చాలవు, పొడి కలిపి పట్టాలంటాడు పిల్లల డాక్టరు. డబ్బాపాలు పడితే నెల తిరిగేసరికి బిడ్డ ఒళ్ళు చేస్తుందంటారు చుట్టాలు. ఆపరేషనైన మనిషికి పాలెక్కడ పడతాయి, ముందు ఏదో ఒకటి నోట్లో పోయండంటుంది పెద్దామె. ఒకదానికొకటి పొసగని మాటలు. అయినా ఈ నాలుగింటిలో మొదటి మూడింటికీ ఏదో ఒక కాలంలో వైద్యశాస్త్రం వత్తాసు పలికింది.

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డలు 2020 ఒక్క ఏడాదిలో మన దేశంలో సుమారు 30 లక్షలు. పుట్టిన ప్రతి వందమందిలో 13 మందన్నమాట. ప్రపంచంలో మరే దేశంలోనూ ఇంతమంది లేరు. వీళ్ళకు ఏ పాలు పట్టాలన్న చర్చ నూట పాతికేళ్ళ నాటిది. ఇంత సాక్ష్యం పోగుపడ్డాక కూడా అది చిక్కుముడిగా మిగలడానికి కారణం, మూడు వేర్వేరు ప్రశ్నల్ని కలిపి ఒకే ప్రశ్నగా అడగడం. బిడ్డ పేగు చెడకుండా, ప్రాణంతో గట్టెక్కుతుందా అన్నది ఒకటి. ఏడేళ్ళ వయసుకు చదువులో, నడతలో తోటివాళ్ళతో సమానంగా ఉంటుందా అన్నది రెండోది. అసలు మనం మాట్లాడేది కన్నతల్లి పాల గురించా, పాల బ్యాంకు నుంచి వచ్చిన మరో తల్లి పాల (దాత పాల) గురించా అన్నది మూడోది. ఒకదానికి దొరికిన జవాబును తీసుకెళ్ళి ఇంకొకదాని ఖాతాలో వేస్తున్నారు, పోస్టరు రాసేవాళ్ళూ, పాలపొడి అమ్మేవాళ్ళూ కూడా.

త్రాసు పెత్తనం చేసిన కాలం

నెలలు నిండని పిల్లల వైద్యానికి ఆద్యుల్లో ఒకడుగా చెప్పుకునే పియరీ బుదాన్ పారిస్‌లో తన పుస్తకం 1900లో వేశాడు. బలహీనంగా పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచాలి, చీకలేకపోతే గొట్టం ద్వారా తల్లిపాలు పోయాలి, తల్లిని బిడ్డకు దూరం చేయకూడదు. ఆయన చెప్పినవి ఇవే. 1909లో వియన్నాలో మొదటి పాల బ్యాంకు, మరుసటి ఏడు అమెరికాలోని బోస్టన్‌లో మరొకటి వచ్చాయి. అప్పటికి వాదమేమీ లేదు. తల్లిపాలు లేకపోతే బిడ్డ దక్కదన్నది అందరికీ తెలిసిన సంగతి.

వాదం మొదలైంది బరువు దగ్గర. 1947లో అమెరికాలో గోర్డన్, లెవీన్, మెక్‌నమారా అనే వైద్యులు వెన్న తగ్గించిన ఆవుపాల మిశ్రమం తాగిన నెలతక్కువ పిల్లలు, తల్లిపాలు తాగిన పిల్లలకంటే తొందరగా బరువు పెరుగుతున్నారని చూపించారు. తూచి చూపించగలిగిన సాక్ష్యం అది. ఆ దెబ్బతో పడమటి దేశాల వార్డుల్లో ప్రొటీను ఎక్కువున్న డబ్బాపాలదే రాజ్యమైంది. 1980ల్లో ఎయిడ్స్ భయం తోడై, ఉన్న పాల బ్యాంకులు కూడా చాలావరకు మూతపడ్డాయి. చుట్టాలు చెప్పే 'ఒళ్ళు చేయడం' మాటకు శాస్త్రం అండ దొరికింది అక్కడే.

మన దేశంలో కథ కొంత వేరుగా నడిచింది. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థకు పేరు తెచ్చిన పనుల్లో సి. గోపాలన్ చేసిన తల్లిపాల పరిశోధనలు ముఖ్యమైనవి. అర్ధాకలితో ఉన్న పేద తల్లులకు కూడా పాల పరిమాణం, అందులోని ప్రొటీను చెప్పుకోదగినంతగా నిలుస్తాయని, తగ్గేవి ప్రధానంగా విటమిన్లని ఆ పరిశోధనలు తేల్చాయి. ఒంట్లో రక్తం లేనిదానికి పాలేం వస్తాయనే మాటకు అది అర్ధశతాబ్దం కిందటే వచ్చిన జవాబు. 1980ల్లో ఢిల్లీలో ఇందిరా నారాయణన్ బృందం తక్కువ బరువు పిల్లలకు తల్లిపాలిస్తే అంటురోగాలు తగ్గుతాయని, వాటిలోనూ కాచని పచ్చిపాలు మెరుగని రాండమైజ్డ్ పరీక్షతో చూపించింది. రాండమైజ్డ్ అంటే ఏ బిడ్డకు ఏ పాలన్నది డాక్టరో తల్లో ఎంచుకోకుండా చీటీ తీసినట్టు నిర్ణయించడం. 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ ఆసియాలోనే మొదటి పాల బ్యాంకు పెట్టారు. పడమటి దేశాలు బ్యాంకులు మూస్తున్న రోజులవి.

పేగు సంగతి: దాదాపు తేలిపోయింది

ఇంగ్లండులో ఆలన్ లూకస్ 1982లో మొదలుపెట్టిన పరీక్ష ఈ రంగాన్ని మలుపు తిప్పింది. అయిదు ఆసుపత్రుల్లో 1,850 గ్రాములలోపు పుట్టిన 926 మంది పిల్లల్ని ఆయన బృందం వెన్నంటి చూసింది. నెలతక్కువ పిల్లల్ని బలిగొనే జబ్బుల్లో పేగు గోడ చచ్చిపోయే జబ్బు ఒకటి ఉంది. వార్డుల్లో దాన్ని ఎన్ఈసీ అంటారు. రెండు మూడు వారాలపాటు బాగా పాలు తాగుతున్న బిడ్డకు ఉన్నట్టుండి పొట్ట ఉబ్బుతుంది, విరేచనంలో రక్తం పడుతుంది, కొందరికి పేగు చిల్లుపడి ఆపరేషన్ దాకా పోతుంది. ఉత్త డబ్బాపాలు తాగినవాళ్ళలో ఈ జబ్బు, ఉత్త తల్లిపాలు తాగినవాళ్ళకంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువని 1990లో లూకస్, కోల్ ప్రకటించారు.

తర్వాత వచ్చిన పరీక్షలు ఆ అంకెను తగ్గించాయే గాని దిక్కును మార్చలేదు. దాత పాలకు బదులు డబ్బాపాలు పడితే ఎన్ఈసీ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని, అందుబాటులో ఉన్న పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. 2016లో కెనడా పరీక్షలో దాత పాల వర్గంలో 3.9 శాతానికి, డబ్బాపాల వర్గంలో 11 శాతానికి ఈ జబ్బు వచ్చింది. 2024 జనవరిలో వెలువడిన అమెరికా పరీక్షలో అవే అంకెలు 4.2, 9. దేశాలు వేరు, పిల్లల బరువులు వేరు, తేడా మాత్రం ఒకవైపే మొగ్గింది.

ఇక్కడ మిగిలిన తగువు కోర్టుల్లో నడుస్తోంది. డబ్బాపాల వల్లే బిడ్డ పోయిందని, పేగు పోయిందని అమెరికాలో వేసిన దావాల్లో 2024లో ఒక జ్యూరీ 6 కోట్ల డాలర్లు, మరొకటి 49.5 కోట్ల డాలర్లు చెల్లించమంది. అదే ఏడాది అక్టోబరులో మరో జ్యూరీ కంపెనీల పక్షాన నిలిచింది. ఆ నెలలోనే అక్కడి ఆహార ఔషధ సంస్థ, మరో రెండు ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు కలిసి ఒక ప్రకటన చేశాయి: డబ్బాపాలు ఎన్ఈసీని కలిగిస్తాయనడానికి తిరుగులేని సాక్ష్యం లేదు, తల్లిపాలు దాన్ని అడ్డుకుంటాయనడానికి ఉంది, తల్లిపాలు దొరకని బిడ్డకు డబ్బాపాలు కూడా ఇవ్వకపోతే అది ఇంకా ప్రమాదం. లాయరుకు ఈ తేడా కోట్లలో ఉంటుంది. బిడ్డ పక్కన నిలబడ్డ నర్సుకు రెండు వాక్యాలూ చెప్పే పని ఒక్కటే.

మెదడు సంగతి: రెండు పక్షాలు

అసలు చిక్కు ఇక్కడుంది. లూకస్ బృందమే 1992లో ఆ పిల్లల్లో 300 మందిని ఏడున్నర, ఎనిమిదేళ్ళ వయసులో పరీక్షించింది. పుట్టిన తొలివారాల్లో కన్నతల్లి పాలు అందినవాళ్ళ ఐక్యూ, అందనివాళ్ళకంటే 8.3 పాయింట్లు ఎక్కువ తేలింది. తల్లి చదువు, కుటుంబ స్థాయి లెక్కలోకి తీసుకున్నాక మిగిలిన తేడా అది. పైగా ఈ పిల్లలంతా గొట్టం ద్వారా పాలు తాగినవాళ్ళు. రొమ్ము పట్టించే దగ్గరితనం వల్ల తెలివి పెరిగిందనే వివరణ వీళ్ళకు సరిపడదు. ఉంటే గింటే పాలలోనే ఏదో ఉండాలి. తల్లిపాలకు తెలివితేటలు ముడిపెట్టే ప్రచారానికి ఒక ముఖ్యమైన వేరు ఆ బృందం వ్యాసంలో ఉంది.

ఆ పక్షానికి తర్వాత బలమైన తోడ్పాటే దొరికింది. 2006లో అమెరికాలో బెటీ వోర్ బృందం కిలోకంటే తక్కువ బరువుతో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని 18 నెలల వయసులో చూసింది. రోజుకు కిలో బరువుకు 10 మిల్లీలీటర్ల తల్లిపాలు పెరిగిన కొద్దీ మానసిక వికాస సూచి 0.53 పాయింటు పెరిగింది. 2016లో ఆస్ట్రేలియాలోని 180 మంది పిల్లల మీద మాండీ బెల్‌ఫోర్ట్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. మొదటి 28 రోజుల్లో సగానికి పైగా తల్లిపాలతో గడిచిన రోజులు ఎక్కువైన కొద్దీ, నెలలు నిండాల్సిన తేదీకి తీసిన ఎంఆర్ఐలో మెదడు లోతట్టు భాగాలు పెద్దవిగా కనిపించాయి, ఏడేళ్ళకు ఐక్యూ కూడా మెరుగ్గా తేలింది. అదే దేశంలో 586 మంది మీద ఆ బృందం 2022లో ప్రకటించిన వ్యాసం చదవడం, లెక్కలు, నిలకడలేనితనం వంటివాటికి కూడా ఈ సంబంధాన్ని చూపింది. మోతాదు పెరిగితే ఫలితం పెరగడం అనే ఈ గుణాన్ని శాస్త్రవేత్తలు తేలిగ్గా కొట్టిపారేయరు.

రెండో పక్షం వాదన కూడా గట్టిదే. పైవన్నీ చూసి రాసుకున్న అధ్యయనాలు. ఎవరు పాలు పిండి ఇచ్చారో, ఎన్నాళ్ళిచ్చారో ఆ తల్లులే నిర్ణయించుకున్నారు. బిడ్డ వార్డులో ఉంటే రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా లేచి, నెలరోజులు పాలు పిండగల తల్లికి వెనక ఎంత ఆసరా ఉండాలి! ఆ ఆసరా ఉన్న ఇంట్లో పెరిగిన బిడ్డకు తర్వాత కూడా అన్నీ కలిసొస్తాయి. 2006లో డెర్, బ్యాటీ, డియరీ అమెరికా పిల్లల మీద చేసిన విశ్లేషణలో తల్లి ఐక్యూను లెక్కలోకి తీసుకోగానే తల్లిపాల తేడా దాదాపు ఆవిరైపోయింది. వీళ్ళు ఎక్కువగా నెలలు నిండిన పిల్లలే అయినా హెచ్చరిక ఇక్కడా వర్తిస్తుంది. నెలతక్కువ పిల్లలకు ఇంకో మెలిక ఉంది. జబ్బు ఎక్కువున్న బిడ్డకు పాలు పట్టడమే ఆలస్యమవుతుంది. తక్కువ పాలు తాగినందుకు మెదడు దెబ్బతిందా, మెదడు దెబ్బతినేంత జబ్బు పడినందుకు తక్కువ పాలు తాగిందా? లెక్కలు ఎన్ని సవరించినా ఈ అనుమానం పూర్తిగా పోదు.

దీన్ని తేల్చాలంటే రాండమైజ్డ్ పరీక్ష కావాలి. కన్నతల్లి పాలున్న బిడ్డకు అవి మానిపించి చూడటం అన్యాయం గనుక అటువంటి పరీక్ష ఎన్నటికీ జరగదు. నెలలు నిండిన పిల్లల విషయంలో బెలారస్‌లో మైకేల్ క్రేమర్ ఒక తెలివైన దారి వెతికాడు. 17 వేల పైచిలుకు తల్లీబిడ్డల్ని తీసుకుని, కొన్ని ఆసుపత్రుల్లో తల్లిపాలకు ప్రోత్సాహమిచ్చి, మిగతావాటిని మామూలుగా వదిలి చూశాడు. ఆరున్నరేళ్ళకు ప్రోత్సాహమందిన వర్గంలో మాటలకు సంబంధించిన ఐక్యూ 7.5 పాయింట్లు ఎక్కువ తేలింది. మన దగ్గర కూడా చాలామంది దీన్నే ఎత్తి చూపుతారు. కానీ ఆ పరీక్షలో నెలతక్కువ పిల్లలు లేరు.

చేయగలిగిన పరీక్ష ఒకటే, తల్లిపాలు చాలని బిడ్డకు కొరత తీర్చేది దాత పాలా, డబ్బాపాలా అని చీటీ వేయడం. మెదడును కూడా కొలిచిన అటువంటి పెద్ద పరీక్షలు మూడు జరిగాయి, మూడుసార్లూ జవాబు ఒకటే. లూకస్ బృందం 1994లో 502 మంది మీద ఫలితాలిచ్చింది: 18 నెలలకు తేడా లేదు. 2016 కెనడా పరీక్షలో 363 మంది: దాత పాల వర్గానికి సగటు 92.9, డబ్బాపాల వర్గానికి 94.5, చెప్పుకోదగ్గ తేడా కాదు. 2024 అమెరికా పరీక్షలో అతి చిన్న పిల్లలు 483 మంది: 80.7, 81.1. ఎన్ఈసీని సగానికి తగ్గించిన అవే పాలు తెలివితేటల పరీక్షలో ఒక్క పాయింటు కూడా కలపలేదు. బరువు కూడా నెమ్మదిగానే పెరిగింది.

లూకస్ దీన్ని ఇంకోలా చదివాడు. దాత పాలలో పోషకాలు తక్కువైనా ఆ పిల్లలు వెనకబడలేదంటే, పాలలో మరేదో మేలు ఆ లోటును పూడ్చి ఉండాలన్నాడు. 2012లో ఫ్రాన్సులో రోజే బృందానికీ ఇటువంటి వింతే ఎదురైంది: తల్లిపాలు తాగిన నెలతక్కువ పిల్లలు ఆసుపత్రిలో బరువు తక్కువ పెరిగారు, తర్వాత వికాసంలో మెరుగ్గా ఉన్నారు. బరువు పెరిగితే మెదడు పెరిగినట్టేనన్న 1947 నాటి నమ్మకానికి అది పెద్ద దెబ్బ.

మూడు పాలు, మూడు లెక్కలు

పక్కపక్కన పెట్టి చూస్తే బొమ్మ ఇలా కనిపిస్తుంది. కన్నతల్లి పాలకు పేగు విషయంలో గట్టి సాక్ష్యం ఉంది. మెదడు విషయంలో సంబంధం బలంగా, పదే పదే కనిపిస్తోంది గాని రుజువు అనదగ్గ పరీక్ష లేదు. దాత పాలు పేగును కాపాడతాయన్నది పరీక్షలకు నిలిచిన మాట, మెదడుకు ప్రత్యేకంగా మేలు చేస్తాయన్నది నిలవని మాట. డబ్బాపాలతో బరువు తొందరగా వస్తుంది, పేగుకు ముప్పు ఎక్కువ, తొలి రెండేళ్ళ వికాసంలో దాత పాలతో పోలిస్తే తేడా లేదు.

కన్నతల్లి పాలకూ దాత పాలకూ మధ్య ఇంత తేడా ఎందుకని అడగవచ్చు. నెలలు నిండకుండా కన్న తల్లికి తొలివారాల్లో వచ్చే పాలలో ప్రొటీను ఎక్కువ, రోగనిరోధక పదార్థాలూ ఎక్కువ. దాతలు సాధారణంగా నెలలు నిండి కన్నవాళ్ళు, కాన్పయి కొన్ని నెలలైనవాళ్ళు. వాళ్ళ పాలు పలచబడి ఉంటాయి. ఆపైన బ్యాంకులో ఆ పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేస్తారు. హెచ్ఐవీ వంటి వైరస్‌ల నుంచి అది కాపాడుతుంది, కానీ కొవ్వును అరిగించే ఎంజైము, బతికున్న రక్షక కణాలు అందులోనే పోతాయి, లాక్టోఫెరిన్ వంటివి బాగా తగ్గుతాయి. గడ్డకట్టించి, కరిగించి, గొట్టంలోంచి పంపేటప్పుడు గొట్టం గోడలకు అంటుకుని కొంత కొవ్వు పోతుంది. పాల బ్యాంకు పెడితే పిల్లల తెలివి పెరుగుతుందని ప్రారంభోత్సవాల్లో చెప్పే మాటకు ఆధారం లేదు. పేగు ఒక్కదాని కోసమైనా బ్యాంకు పెట్టదగిందే. లేని గొప్ప దానికి తగిలించనక్కర్లేదు.

పొడి కలపాలా, వద్దా

డాక్టరు చెప్పే పొడి సంగతి వేరు. అది డబ్బాపాలు కాదు, తల్లిపాలలో కలిపే బలం పొడి. ఫార్టిఫయర్ అంటారు. దాని వెనక లెక్క సూటిగా ఉంటుంది. తొలివారాలు దాటిన తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు ప్రొటీను సుమారు ఒక గ్రాము. బిడ్డకు రోజుకు కిలో బరువుకు 180 మిల్లీలీటర్లు పట్టినా రెండు గ్రాములు దాటదు, కావలసింది మూడున్నర నుంచి నాలుగు. ఎముకలకు కాల్షియం, ఫాస్ఫరస్ కూడా అంతే కొరత. పొడి కలిపితే ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు బరువు, పొడవు, తల చుట్టుకొలత కొంత మెరుగవుతాయి. ఏళ్ళు గడిచాక మెదడుకు మేలు జరిగిందని మాత్రం ఇంతవరకు ఏ పరీక్షా చూపలేదు. 32 వారాలలోపు పుట్టినవాళ్ళకు లేదా 1,500 గ్రాములలోపు వాళ్ళకు మాత్రమే దీన్ని ఆలోచించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఆచితూచి చెప్పింది. 1,900 గ్రాముల బిడ్డకు కూడా ఇంటికి పోయేటప్పుడు చీటీ మీద రాసివ్వడానికి ఆ మాట పనికిరాదు.

ఈ పొడి ఆవుపాలతో చేసిందైతే మళ్ళీ పేగుకు ముప్పేమోనని, మనిషి పాలతోనే చేసిన ఖరీదైన పొడి అమెరికాలో అమ్ముడవుతోంది. రెండిటినీ పోల్చిన స్వీడన్ పరీక్ష ఫలితం 2024లో వచ్చింది. జబ్బులోగాని చావుల్లోగాని తేడా కనిపించలేదు. మన దేశానికి ఇంకా పనికొచ్చే ప్రశ్నను ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వేసుకున్నారు. ఫార్టిఫయర్ బదులు చవకైన నెలతక్కువ పిల్లల పాలపొడినే కొద్దిగా తల్లిపాలలో కలిపితే? బరువు విషయంలో అది తీసిపోలేదని 2021లో ప్రకటించారు. జేబుకు ఊరటే గాని, ఆ డబ్బా ఒకసారి ఇంట్లోకి వచ్చాక అది తల్లిపాలలో 'కలిపేది'గానే ఉంటుందా, తల్లిపాలకు బదులవుతుందా అన్నది ఆ పరీక్ష పరిధిలోనిది కాదు. పాలడబ్బాల ప్రచారాన్ని నిషేధించిన 1992 నాటి చట్టం, 2003లో దానికి వచ్చిన సవరణ పుట్టింది సరిగ్గా ఈ భయం నుంచే.

కోట నుంచి నెల్లూరు దాకా

ఇంత చర్చలో నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ మాట్లాడుతున్నది దూరం గురించి. మెదడుకు సంబంధించిన సాక్ష్యమంతా కన్నతల్లి పాల చుట్టూ తిరుగుతోంది. ఆ పాలు నిలబడేదీ ఆగిపోయేదీ తొలి రెండు వారాల్లోనే. 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్ళిన కోట, వాకాడు, చిట్టమూరు మండలాల్లో చిన్న బిడ్డ పుడితే ప్రభుత్వ ఏర్పాటు ప్రకారం మొదట దగ్గరి ఆసుపత్రిలో నిలదొక్కుకునేలా చూసి, అక్కడినుంచి పెద్దాసుపత్రిలోని ప్రత్యేక నవజాత శిశు విభాగానికి పంపాలి. నెల్లూరు సర్వజన ఆసుపత్రికో, తిరుపతికో ప్రయాణం. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సర్వీసు ఆ దారిని ఎంతో తగ్గించింది. అయితే అంబులెన్సు ఎక్కేది తరచుగా బిడ్డ, తండ్రి, ఒక అమ్మమ్మ. కుట్లతో ఉన్న తల్లి వెనక మంచం మీద మిగులుతుంది.

రాష్ట్రంలో వందకు 96 కాన్పులకు పైగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, వాటిలో నూటికి 42 ఆపరేషన్ కాన్పులని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తెలంగాణలో అది 60 దాటింది. గంటలోపే రొమ్ము పట్టించినవాళ్ళు ఇక్కడ సగం మందికి అటూ ఇటూ, తెలంగాణలో 37 శాతం. ఆసుపత్రికి చేరినంత సులభంగా పాలు బిడ్డకు చేరడం లేదని ఈ అంకెల అర్థం. కడుపు చించి బిడ్డను తీసినంత మాత్రాన పాలు పడకుండా పోవు. పాలు పడటం బిడ్డ నోరో, పిండే చెయ్యో ఎంత తొందరగా, ఎన్నిసార్లు తగిలిందన్న దాన్నిబట్టి ఉంటుంది. బిడ్డ చీకలేని స్థితిలో ఉంటే కాన్పైన మొదటి గంటల్లోనే చేత్తో పిండటం మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 12 సార్లు తీయాలి. మొదటి రోజు వచ్చేది చెంచాడు ముర్రుపాలే. ఆ చెంచాడు 1,300 గ్రాముల బిడ్డకు ఆ పూటకు సరిపోతుంది.

ముర్రుపాలు పిండి పారబోయడం, తేనె నాకించడం, గాడిదపాలు పట్టడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఏడోనెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదోనెల బిడ్డ దక్కదన్న నమ్మకమూ పోలేదు. వారం పెరిగిన కొద్దీ బతికే అవకాశం పెరుగుతుంది గనుక అది పూర్తిగా తప్పు. ఆచారాలన్నీ అడ్డమే అనుకోవడమూ పొరపాటే. ఈ తీరంలో బాలింతకు పాలసొర చేప వండి పెడతారు. పాలు పెరుగుతాయా లేదా అన్నది పక్కనపెడితే బాలింతకు అంతకంటే మంచి ప్రొటీను ఏముంటుంది? పాలసీసా బదులు ఉగ్గుగిన్నెతో పట్టమని నేటి నర్సులు చెప్పేది మన అమ్మమ్మల పద్ధతే. 32–34 వారాల దాకా చీకడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక తాళంలో పడవు. గొట్టం నుంచి రొమ్ముకు మారే ఆ మధ్యకాలానికి గిన్నె చక్కగా ఒదుగుతుంది.

దూరానికి విరుగుడు ఏమిటో 2021లో తేలింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో 3,211 మంది పిల్లలతో జరిగిన పరీక్షలో, బిడ్డ నిలదొక్కుకునేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండెకు హత్తి ఉంచితే 28 రోజులలోపు చావులు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. అలా చేయాలంటే తల్లి మంచం కూడా శిశు విభాగంలోనే వేయాలి. చాలాచోట్ల బిడ్డ గాజుపెట్టెలో, తల్లి వరండాలో ఉండే ఏర్పాటుకు ఇది పూర్తిగా ఎదురు. పారిస్‌లో బుదాన్ 1900లో అడిగింది ఇదే. పాల బ్యాంకులకు కూడా దారి పడింది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' వచ్చింది, అదే ఏడాది కేంద్రం ప్రభుత్వాసుపత్రుల్లో తల్లిపాల కేంద్రాలకు మార్గదర్శకాలిచ్చింది. తల్లిపాలను సరుకు చేసి అమ్మరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 మేలో గట్టిగా చెప్పింది. శిశు విభాగంలో తల్లి మంచానికీ, పాల బ్యాంకుకీ కలిపి డబ్బు చాలకపోతే మొదటి రూపాయి దేనికన్న ప్రశ్నకు, సాక్ష్యాన్ని బట్టి నా ఓటు తల్లి మంచానికే. తల్లి అంబులెన్సులో బిడ్డతోపాటు ఎక్కితే దాత పాల అవసరమే తగ్గుతుంది.

ఇంకా తేలనివి

మొదటిది, మేలు చేసేది పాలా, పాలతోపాటు వచ్చే తల్లి సాన్నిధ్యమా? బిడ్డను తల్లి గుండెకు హత్తి ఉంచే కంగారూ పద్ధతి పుట్టిన కొలంబియాలో, 1990ల్లో ఆ పద్ధతిలో పెరిగిన నెలతక్కువ పిల్లల్ని ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ చూశారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో మెదడు పరిమాణంలో, నడతలో మేలు కనిపించింది, ఐక్యూలో కొద్దిపాటి తేడా బలహీనంగా పుట్టినవాళ్ళలోనే ఉంది. గుండెకు హత్తుకున్న తల్లికి పాలూ ఎక్కువే ఉంటాయి. ఈ రెండు దారాల్ని విడదీసిన పరీక్ష ఇంకా రాలేదు.

రెండోది, మనవాళ్ళ లెక్కలు. పైన చెప్పిన ఐక్యూలు, ఎంఆర్ఐలు దాదాపు అన్నీ పడమటి పిల్లలవి. భారతీయ శిశువులకోసం బరోడాలో తయారైన వికాస కొలమానం మనకుంది. 2013 నుంచి బాలల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. కానీ శిశు విభాగం నుంచి ఇంటికెళ్ళిన బిడ్డ ఏ పాలు తాగిందో, రెండో తరగతిలో ఎలా చదువుతోందో ఒకే కాగితం మీద కలిసే ఏర్పాటు లేదు. ఆ రెండూ కలవనంతకాలం మన గోడల మీది పోస్టర్లకు ఆస్ట్రేలియా అంకెలే ఆధారం.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఈ పరిశోధనల్లో చాలావరకు బాగా తక్కువ బరువుతో, బాగా ముందుగా పుట్టినవాళ్ళ మీద జరిగినవి. నెలతక్కువ పిల్లల్లో అత్యధికులు 34–36 వారాలవాళ్ళు. రెండు కిలోల పైన ఉంటారు, చూడటానికి బాగానే ఉంటారు, పెట్టె అవసరం పడదు, తల్లితోపాటు మూడో రోజో నాలుగో రోజో ఇంటికి పోతారు. చీకడం బలహీనం, రెండు గుక్కలు తాగి నిద్రపోతారు. నిద్రపోతున్న బిడ్డను లేపకూడదని ఇంట్లోవాళ్ళూ ఊరుకుంటారు. పదో రోజుకు పచ్చకామెర్లో, బరువు తగ్గడమో కనిపిస్తే తల్లికి పాలు చాలడం లేదని డబ్బా వస్తుంది. వీళ్ళ మెదడుకు తల్లిపాలు ఎంత మేలు చేస్తాయన్న దాని మీద చెప్పుకోదగ్గ పరీక్ష ఒక్కటీ లేదు. వీళ్ళ ఇంటికి వెళ్ళి తూచే అవకాశం ఉన్నది 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో తలుపు తట్టాల్సిన ఆశా కార్యకర్త ఒక్కరికే. 36 వారాలకు పుట్టిన బిడ్డ మూడో రోజు, ఏడో రోజు బరువు ఎంతో ఆమె పుస్తకంలో రాసి ఉంటుంది. నాకు తెలిసినంతలో ఈ చర్చలో పాల్గొన్న ఏ బృందమూ ఆ పుస్తకాలను ఇంకా అడగలేదు.